దూది ఊదెయ్యకు

నరసన్నపేట

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. తిత్లీ తుఫానుకి పడిపోయిన కొబ్బరిమొద్దులు తీసిన జాగాలో ఎండబెట్టి దాచుకునే పూల మొక్కలు వేస్తానన్నావు కదా, రెండు రోజులుగా నాకు అదే ధ్యాస. నువ్వడిగింది విత్తనాల సంగతి. ముందు కోత గురించి చెప్తాను, ఎందుకంటే నేను నష్టపోయింది అక్కడే.

మొదటి ఏడు హెలిక్రైసం, అదే ఆ కాగితంలాంటి రేకుల పువ్వు, పూర్తిగా విచ్చేదాకా ఆగాను. నిండుగా ఉన్నవే మంచివనుకుని ఏరి మరీ కోసి కట్టలు కట్టాను. పదిరోజులకి నడిమి బొడ్డు పగిలి జిల్లేడు దూదిలా రేగిపోయింది, రేకులు వెనక్కి వాలిపోయాయి. ఎంత బాధపడ్డానో. కోశాక కూడా ఆ పువ్వు విచ్చుకుంటూనే ఉంటుంది బావా! చుట్టూ ఒకటి రెండు వరుసల రేకులు విడి, నడుమ ఇంకా మూసుకుని ఉన్నప్పుడే కోసెయ్. ఆరేసరికి అదే నిండుగా తయారవుతుంది. ఆరితే దాని కాడకి బలం చాలదు. పచ్చిగా ఉన్నప్పుడే కాడ తీసేసి పువ్వు అడుగున సన్న ఇనుపతీగ గుచ్చు. ఆరేకొద్దీ పువ్వు బిగిసి, తీగ కాస్త తుప్పు పట్టి, రెండూ గట్టిగా పట్టుకుంటాయి.

బొగడబంతి లెక్క వేరు. దానికి తొందర పనికిరాదు. బంతి గుండ్రంగా గట్టిపడి, రంగు పూర్తిగా ఎక్కాలి. ఒకటి తెంపి కంటి దగ్గర పెట్టుకుని చూడు. ఊదా పొరల సందుల్లోంచి నువ్వుగింజ కన్నా చిన్న లేతపసుపు చుక్కలు తొంగిచూస్తాయి. అసలు పువ్వులు అవే. మనం పువ్వనుకునేదంతా వాటిని కప్పిన పొరలే. చెట్టు మీద ఉండగానే అవి కాగితంలా పొడిగా ఉంటాయి, అందుకే రంగు అన్నాళ్లు నిలుస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ ఆ బంతిని నా చెవి దగ్గర పెట్టి వేళ్లతో నలిపేది. ఆ గరగర చప్పుడు ఇప్పటికీ నాకు ఇష్టం.

కోడిజుట్టు కూడా వెయ్యి. నల్లగింజ పట్టకముందే కోసెయ్, లేదంటే ఇల్లంతా గింజలే.

మన సముద్రపు గాలిలో ఆరబెట్టడమే అసలు పని. సెప్టెంబరులో పూసింది దేవుడి పటాలకి వాడుకోండి. దాచుకోవడానికి మాత్రం వద్దు, బూజు పడుతుంది. వానలు వెనక్కి తగ్గి చలి మొదలయ్యాక కోసిందే మంచి సరుకు. పొద్దున్నే కోయకు, మంచు పూర్తిగా ఆరనీ. ఆకులు దూసేసి, పదేసి కాడలకి రబ్బరుబ్యాండు వేసి, గాలాడే చీకటిగదిలో తలకిందులుగా వేలాడదియ్యి. దారం కట్టకు, ఆరేకొద్దీ కాడలు సన్నబడి జారిపోతాయి. ఎండలో మాత్రం పెట్టకు, రంగంతా పోతుంది. రెండు మూడు వారాలకి కాడ వంచితే పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఇక నాటడం. బొగడబంతి తొలకరికి పొయ్యి, మొక్కకీ మొక్కకీ అడుగు దూరం. హెలిక్రైసం ఆస్ట్రేలియా మొక్క, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. మీ కవిటి ఇసుకనేల దానికి బాగా నప్పుతుంది. నారు అక్టోబరులో పొయ్యాలి గానీ నేలలో కాదు, ట్రేలలో పోసి వరండాలో ఉంచు. తిత్లీ విరుచుకుపడిన 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము నీకు నేను గుర్తుచేయక్కర్లేదు. తుఫాను కబురు వస్తే ట్రేలు లోపలికి తెచ్చుకోవచ్చు. ఆ గింజకి వెలుతురు కావాలి, పైన మట్టి కప్పకు.

రథసప్తమికి అరసవల్లి వస్తావు కదా, అట్నుంచి ఇటు రా. అప్పటికి నా అటక నిండా కట్టలుంటాయి, చెల్లెమ్మకి నచ్చిన రంగులు తీసుకెళ్దువు గాని.

ఈ కవరులోనే బొగడబంతి గింజలు పెట్టాను. చూడ్డానికి దూదిలా ఉంటాయి, చెత్త అనుకుని ఊదెయ్యకు. ఆ దూదితోనే ఒక రాత్రి నానబెట్టి చల్లెయ్.

నీ
బావ