వార్షిక నివేదిక 2024-25: చెరువు మీది తీగలు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను. రాయకపోతే చేసిన పని ఎవరికీ గుర్తుండదు కూడా.

ఈ ఏడాదంతా చెరువుకట్టకూ మాగాణికీ మధ్య పోయే 11 కెవి కరెంటు లైనుతోనే సరిపోయింది. డిసెంబరులో దాని కింద ఒక గూడబాతు (పెలికాన్) దొరికింది. రెక్క కొసన ఈకలు కాలి ముడుచుకుపోయాయి, ముక్కు కింద సంచి తడి ఇంకా ఆరలేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్లు కట్టే జాతే ఇది. తీగ మీద పిచ్చుకలకు ఏం కావట్లేదే అన్నారు కొందరు. పిచ్చుక ఒక్క తీగనే పట్టుకుంటుంది. గూడబాతు రెక్కలు విప్పితే ఏడెనిమిది అడుగులు. రెండు తీగలు ఒకేసారి తగిలినా, తీగా ఇనప అడ్డకమ్మీ తగిలినా అంతే. గుడి దగ్గర రావిచెట్టు గబ్బిలాలు చచ్చేదీ ఇట్లాగే. కృష్ణపట్నం నుంచి వచ్చే 400 కెవి లైన్ల సంగతి వేరు. అక్కడ తీగల మధ్య ఎడం ఎక్కువ, షాక్ కొట్టదు. అన్నిటికన్నా పైనుండే సన్నటి ఎర్త్ తీగ కనపడక గుద్దుకుంటాయి, మంచులో మరీను.

కరెంటు ఆఫీసులో మూడు అర్జీలు పెట్టాం. బట్టమేక పిట్టల కేసులో కరెంటు తీగలకు పక్షులకు కనపడే బిళ్లలు కట్టమని 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాపీ జతచేస్తే, అది రాజస్థాన్, గుజరాత్‌ల సంగతన్నారు. నిజమే, మేమూ కాదనలేదు. మేం బిళ్లలు అడిగింది కిలోమీటరు లైనుకే. చివరికి సంతకం పెట్టింది బదిలీ మీద వచ్చిన కొత్తాయన.

జనవరిలో ఒక ఆదివారం లైన్‌మన్ గారు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి పని చేసే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కారు. గాలికి తిరిగే ఎరుపు, పసుపు బిళ్లలు మేం తాడుకు కట్టి పంపితే ఆయన ఒక్కొక్కటే తీగకు బిగించారు. మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కినా దిగలేదు. సాయంత్రం నత్తగుల్ల కొంగల వరుస ఒకటి తీగల దాకా వచ్చి, ఒక్కసారి పైకి లేచి దాటింది. ఒక్కరోజు చూసి గొప్పలు చెప్పకూడదు గానీ, కట్ట మీద అందరం చప్పట్లు కొట్టాం.

అందరం అంటే ఏడుగురం. వాట్సాప్‌లో వస్తామన్నవాళ్లు ఇరవై రెండు మంది. పులిహోర వేళకు మాత్రం లెక్క సరిపోయింది.

ట్రాక్టరు ఇచ్చిన రైతన్నకు, పులిహోర కలిపిన అక్కలకు, బిళ్లలకు రంగులేసిన బడిపిల్లలకు, పేరు రాయొద్దన్న లైన్‌మన్ గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. కొద్దిపాటి లోటు కోశాధికారి గారే సర్దారు.

ఎడగారు పంట నాట్లు పడేలోపు రావిచెట్టు దగ్గరి రెండు స్తంభాల తీగలకు తొడుగులు వేయించాలి. నాలుగో అర్జీ రాసిపెట్టాను. సంతకాలు చేసి, చందా బకాయిలు కట్టి మరీ వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి