పప్పులో వేసిన కాలు నోట్లోకి వెళ్లింది

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్ మంత్రి మాటైనా, మెక్సికో మేయర్ మాటైనా, అర్జెంటీనా గోల్‌కీపర్ మాటైనా మన పత్రికలకు ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే చేరుతుంది. మామూలు ప్రకటనలకు దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. పెద్ద తప్పు జరిగిందని ఎవరైనా ఒప్పుకున్నప్పుడో, ఎదుటివారి మీద మోపినప్పుడో మాత్రం ఆ మధ్య మజిలీలోనే అర్థం పక్కదారి పడుతోంది.

'మెతెర్ లా పాతా' అనే స్పానిష్ నానుడి సంగతే చూడండి. పాతా అంటే జంతువు కాలు. ఆ కాలు పెట్టకూడని చోట పెట్టడమే ఈ నానుడి, అంటే తప్పు చేయడం. దీనికి ఇంగ్లిష్‌లో చాలామంది 'పుట్ యువర్ ఫుట్ ఇన్ యువర్ మౌత్' అని రాసేస్తారు. రెండింట్లోనూ కాలుంది కదా అన్న ధీమా! కానీ ఆ ఇంగ్లిష్ మాట అనకూడనిది అన్నప్పుడే పనికొస్తుంది. స్పానిష్‌లో మాటకైనా చేతకైనా చెల్లుతుంది. బడ్జెట్ లెక్కలో ఒక సున్నా ఎక్కువ వేసినా అది మెతెర్ లా పాతానే. ఇంగ్లిష్ చూసి మన డెస్కు 'మంత్రి నోరు జారారు' అని శీర్షిక పెడితే, నోరే మెదపని మనిషికి ఆ నింద తగులుతుంది. చేసిన పని గురించైతే ఇంగ్లిష్‌లో 'మెస్డ్ అప్' లేదా 'బ్లండర్డ్' అనాలి. తెలుగుకైతే ఆ తిప్పలు కూడా లేవు. 'పప్పులో కాలేశాడు' అన్నది అదే కాలు, అదే చనువు. చివర 'అస్తా ఎల్ ఫోందో', అంటే అడుగుదాకా, అని చేరిస్తే తప్పు పెద్దదని అర్థం. ఆ ముక్కను వదిలేసినా, 'టు ది బాటమ్' అని మక్కికి మక్కి దించినా అనువాదం చెడుతుంది. 'బ్యాడ్లీ' అన్నా చాలు.

స్పెయిన్‌లో 'మెతెర్ లా గాంబా' అని కూడా అంటారు. గాంబా అంటే రొయ్య అని చూసి ఆగిపోతే వాక్యంలోకి రొయ్య దూరుతుంది. ఇక్కడి గాంబా ఇటాలియన్ నుంచి వచ్చిన వేరే మాట. దానర్థం కాలే.

మెక్సికోలో 'లా రెగే' అంటే పదాల ప్రకారం నీళ్లు పోశాను, వాడుకలో పని చెడగొట్టాను. 'లా కగే'కి అర్థం దాదాపు అదే గానీ, మాట మలవిసర్జన నుంచి పుట్టినది. తప్పు పెద్దదా, మాట మోటా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. మోటు మాట వాడాడు గనుక ఘోరాపరాధం అని రాయకూడదు, మర్యాద కోసం 'చిన్న పొరపాటు' అనీ దాచకూడదు. ఇంగ్లిష్‌లో 'స్క్రూడ్ అప్', తెలుగులో 'తగలేశాను' సరిపోతాయి. అసలు మాట ఇంకా మోటని అర వాక్యం చేర్చవచ్చు.

రాతలో కనిపించేవి ఇంకో రకం. 'ఎర్రోర్ గర్రఫాల్', 'క్రాసో ఎర్రోర్' రెండూ పెద్ద తప్పుకు పేర్లే. 'ఎర్రోర్ గర్రఫాల్'లోని విశేషణం ఒకప్పుడు మామూలువాటికంటే పెద్దవైన ఒక రకం చెర్రీలకు వాడినది. 'క్రాసో ఎర్రోర్' క్రీ.పూ. 53లో కార్హే యుద్ధంలో చచ్చిపోయిన రోమన్ సేనాని క్రాసస్ పేరు మీద వచ్చిందని కథ చెబుతారు గానీ, స్పానిష్ అకాడమీ నిఘంటువు దాన్ని 'లావు' అనే లాటిన్ విశేషణానికే ముడిపెడుతుంది. పోలిక చూసి ఇంగ్లిష్‌లో 'క్రాస్' (crass) అంటే అనాగరికత వాసన తగులుతుంది. 'గ్రేవ్ మిస్టేక్' నయం. గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారవిడిస్తే స్పెయిన్‌లో 'కాంతాదా' అంటారు, పాడటం అనే క్రియ నుంచి పుట్టిన మాట. ఇంగ్లిష్ 'హౌలర్' దీనికి చక్కగా అతుకుతుంది. అక్కడి పాట ఇక్కడ ఊళగా మారిందంతే.

అన్నిటికన్నా ప్రమాదం కర్త మాయమైనప్పుడు. 'సె కొమెతియేరోన్ ఎర్రోరెస్' అంటే 'తప్పులు జరిగాయి'. దాన్ని 'వి మేడ్ మిస్టేక్స్' అని నున్నగా చేస్తే, ఆ నాయకుడు తీసుకోని బాధ్యతను మనమే ఆయన నెత్తిన పెట్టినట్టు. బోత్స్వానాలో ఏనుగుల వేటకు వెళ్లి తుంటి విరగ్గొట్టుకున్న అప్పటి స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ 2012 ఏప్రిల్ 18న ఆసుపత్రి నుంచి బయటికొస్తూ 'మె ఎ ఎకివొకాదో' అన్నారు. అందులో కర్త 'నేను' స్పష్టంగా ఉంది, క్రియ మాత్రం తేలికపాటిది. 'పొరపాటు పడ్డాను' అనే రాయాలి. 'ఘోర తప్పిదం చేశాను' అని ఆయన అనలేదు.

అందుకే ఒక విన్నపం. ఇలాంటి వ్యాఖ్య శీర్షికకెక్కేటప్పుడు ఇంగ్లిష్ కాపీతోపాటు అసలు స్పానిష్ వాక్యం కూడా తెప్పించుకోండి. అది ఏ దేశపు స్పానిషో తప్పక చూడండి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ బోధిస్తున్నారు, అనుమానమొస్తే ఒక్క ఫోన్ చాలు. అంత సమయం లేకపోతే, కాలు కనబడిన చోట ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆయన అన్నాడా, చేశాడా? అంటే నోరు జారాడు, చేస్తే పప్పులో కాలేశాడు.

భవదీయుడు,
ఒక స్పానిష్ అనువాదకుడు,
హైదరాబాద్