ఏడాదంతా ఫ్లాష్ చుట్టూనే: ఫొటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశం చివర్లో తీసిన గ్రూప్ ఫొటోతోనే ఈ నివేదిక మొదలుపెట్టాలి. తీసింది నేనే. చీకటి పడుతోంది, అందరూ ఆరుబయట మూడు వరసల్లో సర్దుకున్నారు. మొహాల మీద వెలుగు మెత్తగా పడాలని ఫ్లాష్‌కి డిఫ్యూజర్, అంటే వెలుగుని పరిచే తెల్ల ప్లాస్టిక్ టోపీ తొడిగాను. అలా తొడిగితే వెలుగు దూరం అందదేమోనని దగ్గర నుంచి కూడా అందరూ పట్టే వైడ్ లెన్స్ పెట్టి రెండు మీటర్ల దగ్గరికి వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ల నుదుళ్లు మెరిసిపోయాయి. వెనక వరసలో ఎవరున్నారో హాజరు పట్టిక చూసి పోల్చుకోవాల్సి వచ్చింది. "డిఫ్యూజర్ పెట్టారుగా, మరి ఇలా వచ్చిందేంటండీ?" అని ఒక సభ్యుడు అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. అందుకే ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో ఎక్కువ భాగం కెమెరా మీద ఉండే ఫ్లాష్‌కే ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

హాల్లో చేసిన పరీక్షలు

మొదటి సమావేశంలో ఒక బొమ్మ తలని గోడ ముందు పెట్టి, కెమెరాని స్టాండ్ మీద కదలకుండా బిగించి, ఒక్కో డిఫ్యూజర్ మార్చుతూ తీశాం. అందరం చూసింది మొహాన్ని కాదు, వెనక గోడ మీద పడ్డ తల నీడని. ఉత్త ఫ్లాష్‌తో నీడ అంచు కత్తితో కోసినట్టు వచ్చింది. పైన టిష్యూ కాగితం అతికించి తీసినా దాదాపు అంతే. వెలుగు తగ్గిందే తప్ప నీడ అంచు కరగలేదు.

కారణం ఎండలోకి వెళ్లి నిలబడితే తెలుస్తుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకి కనిపించేది చిన్న బిళ్లలా, అందుకే ఎండలో నీడ గట్టిగా ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా దీపమైపోతుంది, నీడ దొరకదు. అంటే వెలుగు మెత్తగా ఉండాలంటే, ఫొటో దిగే మనిషి ఉన్నచోటి నుంచి చూస్తే ఆ దీపం పెద్దదిగా కనిపించాలి. రెండు మూడంగుళాల ఫ్లాష్ మీద రెండు మూడంగుళాల కాగితం అతికిస్తే దీపం పెరగదు.

మరి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని చాలామంది మంచి ఫొటోలు తెస్తున్నారే అన్న అనుమానం తర్వాతి నెలలో తీరింది. తక్కువ ఎత్తులో తెల్ల సీలింగ్ ఉన్న గదిలో టోపీ పెట్టిన ఫ్లాష్‌ని పైకి తిప్పి తీస్తే నీడ మాయమైంది. టోపీ తీసేసి అలాగే తీసినా మాయమైంది. పని చేసింది సీలింగే! టోపీ చేసిన ఉపకారం వేరే ఉంది. సీలింగ్ వెలుగు ఒక్కటే పడితే కళ్ల కింద గుంటలు పడినట్టు వస్తుంది. టోపీ నుంచి ముందుకి వచ్చే కాస్త వెలుగు ఆ గుంటల్ని నింపి, కంట్లో చిన్న మెరుపు పెడుతుంది. ఫ్లాష్ వెనక రబ్బరు బ్యాండుతో కట్టిన తెల్ల అట్టముక్క కూడా ఈ పని చేస్తుందని తేలింది కాబట్టి, టోపీలు కొనాలన్న ప్రతిపాదనని సంఘం విరమించుకుంది. ఒక షరతు: సీలింగుకి రంగు వేసి ఉంటే ఆ రంగే మొహాల మీదకి దిగుతుంది.

గోడలు, సీలింగు లేని ఆరుబయట టోపీ విసిరిన వెలుగులో చాలా భాగం పక్కలకీ పైకీ పోయి తిరిగి రాదు. నా గ్రూప్ ఫొటోకి జరిగింది అదే. వెనక వరస సంగతికి మాత్రం డిఫ్యూజర్‌తో సంబంధం లేదు. ముందు వరస 2 మీటర్లలో, వెనక వరస 4 మీటర్లలో ఉంటే వెనకవాళ్లకి అందేది నాలుగో వంతు వెలుగే, ఏ టోపీ పెట్టినా.

పాప్-అప్ ఫ్లాష్, చేత్తో చేసినవి

కెమెరాలోంచే లేచే, పైకి తిరగని పాప్-అప్ ఫ్లాష్ ఉన్న సభ్యులు అలిగారు, న్యాయమే. వాళ్ల కోసం పెట్టిన సమావేశానికి పాత ఫిల్మ్ డబ్బాలు, ట్రేసింగ్ పేపరు, పింగ్‌పాంగ్ బంతి, పాలరంగు ప్లాస్టిక్ మూతలు వచ్చాయి. నుదుటి మీద జిడ్డు మెరుపు కొంచెం తగ్గింది, అంతకంటే పెద్ద మార్పు లేదు. పైగా గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 12 ఉన్న ఫ్లాష్ ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 100, ఎఫ్/4 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర 3 మీటర్లు అందుతుంది. డిఫ్యూజర్ ఒక స్టాప్, అంటే సగం వెలుగు, తినేస్తే 2 మీటర్ల పైచిలుకే. ఐఎస్ఓ 400కి పెంచితే దూరం రెట్టింపవుతుంది, కానీ ఫొటోలో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందన్న భయంతో చాలామంది ఇంకా 100 దగ్గరే కూర్చున్నారు.

అదే రోజు ఒక ప్లాస్టిక్ మూత, ఫుల్ పవర్‌లో ఆపకుండా కొట్టేసరికి, ఫ్లాష్ అద్దానికి అంటుకుని గోధుమరంగుకి తిరిగింది. ఇకమీదట మూతకీ అద్దానికీ మధ్య వేలెడు సందు ఉంచాలి. పాత ఆటోమేటిక్ ఫ్లాష్‌ల ముందువైపు సెన్సర్ ఉంటుంది. దాన్ని కప్పేస్తే ఫ్లాష్ ఫుల్‌గా కొట్టి ఫొటో తెల్లబోతుంది.

పురుగుల ఉదయం

ఏడాదిలో అన్నిటికంటే నచ్చిన కార్యక్రమం మ్యాక్రో, అంటే చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీయడం. ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటు నడుమ బెజ్జం కోసి, లెన్స్ ముక్కుకి కాలర్‌లా తొడిగాం. పాప్-అప్ ఫ్లాష్ వెనక నుంచి దాన్ని వెలిగిస్తుంది. ఆకు మీద నల్ల పెంకుపురుగు. ఉత్త ఫ్లాష్‌తో దాని వీపు మీద తెల్లటి చుక్క ఒకటి మండుతూ కనిపించింది, చుట్టూ మిగతాదంతా మసి. ఫోమ్ పెట్టాక ఆ చుక్క వెడల్పాటి పాలపొరలా విప్పుకుంది, పెంకు మీది సన్నటి గీతలు వరసగా బయటపడ్డాయి. ఫొటోని పెద్దది చేసి చూస్తే మన ఫోమ్ షీటు ఆకారం, మధ్యలో గుండ్రటి బెజ్జంతో సహా, పురుగు వీపు మీదే ఉంది.

పది సెంటీమీటర్ల షీటు పురుగుకి పది సెంటీమీటర్ల దూరంలో ఉంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి అంత మెత్తటి వెలుగు కావాలంటే మూడు మీటర్ల షీటు పట్టుకోవాలి. హాల్లో చెప్పినప్పుడు తలలూపినవాళ్లకి కూడా ఇక్కడే విషయం ఎక్కింది. లెన్స్ ముందు ఉండే గొట్టంలాంటి హుడ్ తీయడం మర్చిపోయినవాళ్ల ఫొటోల్లో మాత్రం కింద అర్ధచంద్రంలా నీడ పడింది.

భిన్నాభిప్రాయం

డిఫ్యూజర్లకి ఇంత సమయం దండగ అని ఒక సీనియర్ సభ్యుడు లిఖితపూర్వకంగా తెలియజేశారు. ఐఎస్ఓ 1600కి పెంచి, షట్టర్ వేగం 1/60 సెకనుకి తగ్గించి, గదిలోని వెలుగునే ఎక్కువ వాడుకుని, ఫ్లాష్‌ని ఒక స్టాప్ తగ్గించి కొట్టమని ఆయన సలహా. చేసి చూశాం, చాలావరకు ఆయన మాటే నెగ్గింది. గదిలో పసుపు దీపాలుంటే ఫ్లాష్‌కి వెలుగు దాటే నారింజ రంగు జెల్ కాగితం తగిలించాలి, లేకపోతే మొహం ఒక రంగు, గది ఒక రంగు.

ఇతర విషయాలు

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. తీసుకెళ్లిన ఫోమ్ కాలర్లు రెండు ఇంకా తిరిగి రాలేదు. వచ్చే ఏడాది ఫ్లాష్‌ని కేబుల్‌తో కెమెరా మీద నుంచి దించి వాడటం నేర్చుకోవాలని ప్రతిపాదన. ఆమోదం సభ్యులదే.

ఈసారి గ్రూప్ ఫొటో సమావేశం మొదట్లోనే, వెలుతురు ఉండగానే. టోపీ పెట్టను. 5 మీటర్లు వెనక్కి వెళ్లి తీస్తాను, వెనక వరసకి కనీసం సగం వెలుగైనా అందుతుంది. పోయినసారి చీకట్లో కలిసిపోయినవాళ్లు దయచేసి ముందుగా వచ్చి ముందు వరసలో కూర్చోండి.

ఇట్లు,
కార్యదర్శి