పాత జాబితాలతో పిల్లలకు క్విజ్‌లా?

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 1 దగ్గరపడితే చాలు, బెంగళూరులో మన తెలుగు సంఘాలూ, అపార్ట్‌మెంట్ల వాళ్లూ పిల్లలకు రాష్ట్రాల మీద క్విజ్‌లు పెడుతుంటారు. మంచి పనే. కానీ నిర్వాహకులు దగ్గర పెట్టుకునే జవాబులు చూస్తే బాధేస్తోంది. ఈమధ్య ఒక పోటీలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక అని రాసినందుకు మా అబ్బాయికి మార్కు వేయలేదు. వాళ్ల కాగితంలో పాలపిట్ట అని ఉంది. దాని కిందే రాష్ట్ర పుష్పం కలువ అని కూడా ఉంది. అదంతా ఉమ్మడి రాష్ట్రం నాటి జాబితా. అడిగితే "మేం చదువుకున్నప్పుడు ఇదే కదమ్మా" అన్నారు.

విడిపోయిన ఏడాదే, అంటే 2014లోనే, తెలంగాణ పాలపిట్టను, జింకను, జమ్మిచెట్టును, తంగేడు పువ్వును తన చిహ్నాలుగా ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను, మల్లెను తీసుకుని, వేపను, కృష్ణజింకను అలాగే ఉంచుకుంది. మనం ఉంటున్న కర్ణాటకకు కూడా రాష్ట్ర పక్షి పాలపిట్టే. దసరా నాడు ఆ పిట్ట కంటపడితే శుభమంటారని, ఆ రోజే జమ్మికి పూజ చేస్తారని, తంగేడు లేనిదే బతుకమ్మ లేదని చెప్పండి, పిల్లలు ఇట్టే గుర్తుపెట్టుకుంటారు. కారణం చెప్పకుండా పేర్లు మాత్రమే బట్టీ పట్టిస్తే పరీక్ష అయిన మర్నాటికే మరిచిపోతారు.

భూగోళం సంగతీ అంతే. సెలవొస్తే పిల్లల్ని తెల్లవారుజామునే లేపి, కారెక్కించి, నంది కొండల మీద సూర్యోదయం చూపించి, కిందికొచ్చి తట్టె ఇడ్లీ తినిపించి ఇంటికి తెచ్చుకుంటాం. పెన్నా పుట్టింది ఆ నంది కొండల వరుసలోనే అని ఎంతమందిమి చెబుతున్నాం? అక్కడ బయల్దేరిన నీరే అనంతపురం మీదుగా కడప జిల్లా చేరి, గండికోట దగ్గర కొండను నిలువునా కోసుకుంటూ పోయి, సోమశిలలో ఆగి, నెల్లూరును తడిపి సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. నెల్లూరులో తాతగారిల్లు ఉన్న పిల్లాడికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? క్విజ్‌లో మాత్రం "ఆంధ్రప్రదేశ్ నదులు ఏవి?" అని అడిగి నాలుగు పేర్లతో సరిపెట్టేస్తారు.

చరిత్రలోనైతే రెండు రాష్ట్రాలను విడదీసి చెప్పడం కుదరదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగతాది మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. మా అమ్మమ్మగారిది ఆదోని, మా అక్క మెట్టినిల్లు బళ్లారి. ఇలా రెండు వైపులా చుట్టాలున్న కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, విస్తరించిన మైసూరు రాష్ట్రం ఒకేరోజు ఏర్పడ్డాయి. మైసూరు పేరు కర్ణాటకగా మారింది 1973లో, అదీ నవంబరు 1నే. పిల్లలకు స్కూలు సెలవు ఎందుకో మన సంఘాలు ఒక్క ప్రశ్న అడిగితే ఈ కథంతా బయటికొస్తుంది. నేను చూసిన క్విజ్‌లో కర్ణాటక మీద ఒక్క ప్రశ్నా లేదు. కన్నడ కవి కువెంపు గీతం ఇక్కడి రాష్ట్ర గీతమని, రెండు తలల పక్షి గండభేరుండం మైసూరు రాజులు ఒడెయర్ల నుంచి రాష్ట్ర చిహ్నంలోకి వచ్చిందని మన పిల్లలకు మనమే చెప్పాలి. వాళ్లు పుట్టి పెరుగుతున్నది ఇక్కడే.

మీ పత్రిక పిల్లల పేజీలో నవంబరు 1కి ముందే మూడు రాష్ట్రాల చిహ్నాలను, ప్రకటించిన సంవత్సరంతో సహా, పక్కపక్కనే వేయండి. సంఘాల వాళ్లు తమ జవాబుల కాగితాలను దానితో సరిచూసుకుని, ఈసారి సగం ప్రశ్నలైనా కర్ణాటక మీద అడగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు