భోగి మంటకు అరవై కాపీలు

తిరుపతి,
14-1-2024, భోగి మధ్యాహ్నం

ఒరేయ్ పుల్లట్టూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తిట్టుకో. నాన్న షుగర్ అదుపులోనే ఉంది, షాపు నడుస్తోంది, నా పెళ్లి సంగతి అడగొద్దు. అసలు విషయం విను.

మా అమ్మ సమ్మెలో ఉందిరా! గ్యాస్ బండ తెచ్చే అబ్బాయితో కూడా గొంతు పెంచని మనిషి. అంగన్‌వాడీలో ఆయా కదా, నెలకు 7,000. డిసెంబర్ 12న మొదలైంది, ఈరోజుకు 34 రోజులు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది, అదే అత్యవసర సేవల్లో సమ్మెలు ఆపే చట్టం, జీవో నంబర్ 2. ఆర్నెల్లు సమ్మె చేయకూడదట. జీతం దగ్గరికొస్తే 'గౌరవ వేతనం', పని మానేస్తే మాత్రం 'అత్యవసర సేవ'! సరే, లెక్చర్ ఆపుతా.

నిన్న రాత్రి షట్టర్ దించబోతుంటే అమ్మ వచ్చింది, వెనక ఐదారుగురు.

"ఈ జీవో అరవై జిరాక్స్ తియ్యి."

"రెండు వైపులా వేయనా? పేపర్ కలిసొస్తుంది."

"మంటలో వేసేదానికి రెండు పక్కలెందుకు రా?"

వద్దన్నా వినకుండా ఒకామె కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెడుతుంటే నాకు... వదిలెయ్.

పొద్దున్నే నాలుగున్నరకు చలిలో బండి మీద కలెక్టరేట్ దగ్గరికి తీసుకెళ్లా. దించేసి వచ్చేద్దామనే. నా ధైర్యం నీకు తెలుసుగా, కాలేజీ బంద్ రోజు వాటర్ ట్యాంక్ వెనక మూడు గంటలు, నువ్వూ నేనూ ఆ బల్లీ! కానీ "జిరాక్స్ అబ్బాయే మొదటిది వేయాల" అని కాగితాలు నా చేతిలో పెట్టేశారు. వేశా. "కనీస వేతనం!" అంటే అందరూ "ఇవ్వాలి!" అన్నారు. నేనూ అన్నా, అందరూ ఆపేశాక. ఒక్కడి గొంతే! అమ్మ నవ్వు చూడాల్సింది. కాపలా కానిస్టేబుల్ అటు తిరిగి నిలబడి, చేతులు మాత్రం మంట వైపు పెట్టాడు.

తిరిగొస్తూ భయమేసింది. ఉద్యోగం తీసేస్తే? అడిగితే అమ్మ, అంగన్‌వాడీ వాళ్లకూ గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పిందిలే అంది. ఏడో తరగతి చదివిన అమ్మకు అది తెలుసు. నేను పదేళ్లుగా కాగితాలు కాపీలు తీస్తున్నా, ఒక్కటీ చదివినవాణ్ణి కాదు. ఆ జీవో కూడా మంటలో వేసే ముందే...

అమ్మ కేకేస్తోంది. రేపు పొంగలి సమ్మె టెంట్ దగ్గరేనట. ఆ పెద్ద గిన్నె బండి మీద ఎట్లా ఎక్కించాలో నాకైతే తెలీడం లేదు. వస్తున్నానమ్మా! మిగతాది తర్వాత