ఒజిబ్వే చిత్రాల స్టిక్కర్లు: పోర్ట్రెయిట్లు ఎందుకు లేవో చెబుతున్నాం

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు చుట్టూ జీవించే ఆదివాసీలైన ఒజిబ్వే ప్రజల పాత చిత్రాలతో వినైల్ స్టిక్కర్లు తెస్తున్నామని ప్రకటించినప్పటి నుంచి, మినియాపొలిస్‌లోని మా చిన్న దుకాణానికి మీలో చాలామంది ఒకే ప్రశ్న పంపుతున్నారు. అమెరికన్ చిత్రకారుడు ఈస్ట్‌మన్ జాన్సన్ బొగ్గుతో గీసిన ఒజిబ్వే స్త్రీ పురుషుల పోర్ట్రెయిట్లు అంత అద్భుతంగా ఉండగా, వాటిని వదిలేసి ఇళ్లు, పడవలు మాత్రమే ఎందుకు ఎంచుకున్నారని అడుగుతున్నారు. పోర్ట్రెయిట్లు ఇప్పుడే కాదు, ముందు ముందు కూడా వేయబోము. అందుకు కారణాలు మీకు స్పష్టంగా చెప్పడం మా బాధ్యత.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1824లో పుట్టిన జాన్సన్ యూరప్‌లో చిత్రకళ నేర్చుకుని తిరిగివచ్చి, తన తోబుట్టువులు స్థిరపడిన విస్కాన్సిన్‌లోని సుపీరియర్ పట్టణానికి 1856లోనూ, 1857లోనూ వెళ్లాడు. ఆఫ్రికన్, ఒజిబ్వే వంశాలు రెండింటికీ చెందిన స్టీఫెన్ బాంగా అనే మార్గదర్శి సాయంతో సరస్సు తీరం వెంట ప్రయాణించి, గ్రాండ్ పోర్టేజ్‌లో కొంతకాలం ఉండి బొమ్మలు గీశాడు. అతడు వెళ్లేనాటికి అమెరికా ప్రభుత్వానికీ ఒజిబ్వేలకూ మధ్య 1854 నాటి లా పాయింట్ ఒప్పందం జరిగి ఎంతో కాలం కాలేదు. సరస్సు ఉత్తర తీరంలోని విశాలమైన భూమి ఆ ఒప్పందంతో ఒజిబ్వేల చేతుల్లోంచి జారిపోయింది, వారికి కేటాయించిన భూభాగంగా గ్రాండ్ పోర్టేజ్ రిజర్వేషన్ ఏర్పడింది. ఆ బొమ్మల్లో కనిపించే ప్రశాంతతను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలని మా కోరిక.

జాన్సన్ పోర్ట్రెయిట్లలో ఉన్నవారు ఊహా పాత్రలు కారు. అతడు కొన్ని బొమ్మల మీద ఎదుట కూర్చున్న మనిషి పేరు కూడా రాసుకున్నాడు. నోటిన్ ఇ గార్బోవిక్ అనే స్త్రీ బొమ్మ అలాంటిదే. ఆ సమాజం ఎక్కడికీ పోలేదు, వారి వారసులు నేటికీ ఆ తీరంలోనే ఉన్నారు. మన తాతగారి ఫొటోను ఎవరో ముక్కూమొహం తెలియనివారు కారు బంపరు మీద అంటించుకుని తిరిగితే మనకు ఎలా ఉంటుందో, వారికీ అలాగే ఉంటుంది. వాటర్ బాటిల్ మీద, లాప్‌టాప్ మీద అంటించిన వస్తువు గీతలు పడి, అంచులు లేచి, చివరికి చెత్తబుట్టలోకి చేరుతుంది. పేరున్న మనిషి ముఖానికి ఆ గతి పట్టించే వ్యాపారం మాకు వద్దు.

చట్టం మమ్మల్ని ఆపదు, నిజమే. ఆ చిత్రాల మీద కాపీరైట్ ఏనాడో ముగిసింది. పాత చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసిన ఫొటోకు కొత్తగా కాపీరైట్ పుట్టదని న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు 1999లో చెప్పింది. అయినా జాన్సన్ చిత్రాల విషయంలో మేము అనుమతి అడిగాము. ఆ చిత్రాలు 1906లో అతడు మరణించేదాకా అతడి స్టూడియోలోనే ఉండిపోయాయి. 1908లో వాటిని రిచర్డ్ క్రేన్ కొని డులూత్ నగరానికి ఇచ్చాడు, ఇప్పుడవి అక్కడి సెయింట్ లూయిస్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ సేకరణలో ఉన్నాయి. ఆ సంస్థ నుంచి జవాబు వచ్చేవరకు గ్రాండ్ పోర్టేజ్‌లోని విగ్వామ్ (బెరడు కప్పిన ఇల్లు) చిత్రంగానీ, పడవ చిత్రంగానీ మేము ముద్రించము. వాటి కోసం ముందుగా డబ్బు కట్టినవారు కోరితే మొత్తం వెనక్కి ఇస్తాము.

ప్రస్తుతం అమ్మకానికి సిద్ధంగా ఉన్నవి రెండే. ఒకటి జార్జ్ కాట్లిన్ 1835-36లో చిత్రించిన సెయింట్ ఆంథొనీ జలపాతం. జలపాతాన్ని దాటడానికి ఒజిబ్వేలు పడవలను, సామానును భుజాలకెత్తుకుని ఒడ్డు వెంట నడుస్తున్న దృశ్యమది. ఆ జలపాతం నేటి మినియాపొలిస్ నగరం నడిబొడ్డున ఉంది కాబట్టి, ఇక్కడి తెలుగువారిలో దాన్ని చూడనివారు తక్కువ. రెండవది పాల్ కేన్ 1845 వేసవి స్కెచ్‌ల ఆధారంగా వేసిన హ్యూరన్ సరస్సు తీరపు విడిది. వంచిన లేత కర్రల చట్రం మీద బర్చ్ చెట్టు బెరడు కప్పి కట్టిన ఇళ్లు, ఒడ్డుకు లాగిన పడవలు అందులో కనిపిస్తాయి. కాట్లిన్ వేసిన మంచుబూట్ల నృత్యం చాలామంది అడిగారు. శీతకాలపు తొలి మంచుకు కృతజ్ఞతగా చేసే నృత్యమని కాట్లినే రాశాడు. ప్రార్థనతో ముడిపడిన దృశ్యాన్ని స్టిక్కరు చేయడం మాకు ఇష్టం లేదు.

వైల్డ్ రైస్ కోత దృశ్యం కావాలన్నవారికి ఒక మాట. సరస్సుల్లో దానంతట అదే పెరిగే ఆ ధాన్యాన్ని ఒకరు పడవను గడతో నడుపుతుండగా మరొకరు వెన్నులను వంచి, చిన్న కర్రలతో తట్టి పడవలోకి రాలుస్తారు. ఒజిబ్వే జీవితంలో దానికంత ప్రాముఖ్యం ఉన్నది కాబట్టే ఆ చిత్రం ఉండాలని మేమూ అనుకున్నాము. కానీ ఆ కోతను చిత్రించిన మరో చిత్రకారుడు సెథ్ ఈస్ట్‌మన్ సైనికాధికారిగా పనిచేసిన ఫోర్ట్ స్నెల్లింగ్ కోట డకోటా అనే వేరే ఆదివాసీ ప్రజల ప్రాంతం, అతడు ఎక్కువగా చిత్రించినది వారినే. అతడి వైల్డ్ రైస్ కోత చిత్రాన్ని ఒజిబ్వే పేరుతో అమ్మడం సరికాదు.

ముద్రణ విషయానికి వస్తే, ఈ వరుసకు రోలర్ల మధ్య నొక్కి చేసే చవకరకం కేలెండర్డ్ వినైల్ మానేసి, ద్రవంగా పోసి ఆరబెట్టి చేసే కాస్ట్ వినైల్ వాడుతున్నాము. మొదటిది కాలక్రమేణా కుంచించుకుపోయి అంచుల వద్ద జిగురు బయటపడుతుంది. తైలవర్ణ చిత్రాల్లోని ముదురు గోధుమ, ఆకుపచ్చ ఛాయలు నిగనిగలాడే పూత కింద నల్లగా కలిసిపోతున్నందున మెరుపు లేని మ్యాట్ లామినేషన్ ఎంచుకున్నాము. మూడు అంగుళాల స్టిక్కరు ధర ఇందువల్ల నాలుగు డాలర్ల నుంచి అయిదుకు పెరుగుతుంది. చిత్రం అంచులను కత్తిరించి ఒక్క మనిషినో ఒక్క పడవనో విడదీయము, చిత్రమంతా ఉంటుంది.

ప్రతి స్టిక్కరు వెనుక అట్టపై చిత్రకారుడి పేరు, సంవత్సరం, చిత్రం ఉన్న స్థలంతో పాటు, ఇది ఒజిబ్వే కళాకారులు చేసిన వస్తువు కాదని కూడా ముద్రిస్తాము. ఆదివాసీలు చేయని వస్తువును వారిదిగా అమ్మడాన్ని 1990 నాటి అమెరికా చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా ఆ మాట అట్టపై ఉండేది. పూసలతో కుట్టే పూల అల్లికల డిజైన్లు అడిగినవారు దయచేసి వాటిని కుట్టే ఒజిబ్వే కళాకారుల వద్దే కొనండి. ఆ పని నేటికీ వారి చేతుల్లో సజీవంగా ఉంది, దాని నకలు మేము అమ్మము.