మంద ఎక్కడుంటే టీకా అక్కడికే రావాలి

సంపాదకులకు నమస్కారం.

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గొర్రెల మందలు చాలావరకు వరి కోతలయ్యాక తుంగభద్ర, కె.సి. (కర్నూలు–కడప) కాలువల ఆయకట్టుకు వలస పోతాయి. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే ఈ నేలలో వేసవికి బీళ్లలో గరిక కూడా మిగలదు. మళ్లీ తొలకరికి గానీ ఊరు చేరవు. టీకాలు మాత్రం ఊరి లెక్కన వేస్తున్నారు. సిబ్బంది వచ్చేసరికి ఊళ్లో జీవాలు ఉండవు.

చిటుక రోగం సంగతే చూడండి. తొలి జల్లుకు మొలిచిన లేత గడ్డిని ఆబగా మేస్తే పేగుల్లో విషం పుడుతుంది. పొద్దున గంతులేసిన పిల్ల సాయంత్రానికి కాళ్లు కొట్టుకుని చచ్చిపోతుంది. అదీ బక్క జీవం కాదు, మందలో బాగా బలిసిందే. వైద్యానికి వ్యవధి ఉండదు, టీకా ఒక్కటే దారి. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. మొదటిసారి వేసుకునే పిల్లలకు మరో రెండు మూడు వారాల్లో రెండో డోసు కూడా పడాలి. అంటే మే నెలలో, మంద ఇంకా ఆయకట్టు పొలాల్లో ఉండగానే మొదలుపెట్టాలి. ఊరు చేరాక వేస్తే అప్పటికే గడ్డి మొలిచి ఉంటుంది.

పారుడు రోగం (పీపీఆర్ అనే వైరస్ జబ్బు) టీకా చర్మం కింద 1 మి.లీ. చొప్పున ఒక్కసారి పడితే సుమారు మూడేళ్లు కాపాడుతుంది. కానీ ఏటా పుట్టే పిల్లలకు నాలుగు నెలలు నిండాక వేస్తూ పోవాలి. వలసలో తప్పిపోయేది ఆ పిల్లలే. ఆయకట్టులో ఒకే కుంట దగ్గర నాలుగైదు ఊళ్ల మందలు నీళ్లు తాగుతాయి. ఒక మందలో రోగం మొదలైతే అక్కడున్న అన్నిటికీ పాకుతుంది. ఈ రోగాన్ని 2030 నాటికి నిర్మూలించాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. వలస మందలను వదిలేసి అది ఎలా సాధ్యం?

వేసే వేళ కూడా ముఖ్యమే. పొడిగా వచ్చే పారుడు రోగం టీకాను ద్రావకంలో కలిపాక ఐసు మీదే ఉంచి గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఎండలో పెడితే సూది పడుతుంది గానీ రక్షణ రాదు. సిబ్బంది పదిన్నరకు వస్తే మంద మేతకు పోయి ఉంటుంది. కాబట్టి వలల దొడ్డిలో ఉండగానే, తెల్లవారగానే వేయాలి. చూడి గొర్రెలను కాలు పట్టి ఈడ్చకూడదు, నిలబెట్టే వేయాలి. మోటుగా పట్టడం వల్ల ఒకటి రెండు ఈసుకుపోయినా (గర్భం పోయినా) ఆ కాపరి మరుసటేడు టీకా అంటేనే ఒప్పుకోడు. ఆ భయం అర్థం చేసుకోదగినదే.

మంద ఎక్కడుందో తెలియదన్న మాట సరికాదు. ఎరువు కోసం రైతులు ముందే మాట్లాడుకుని మందను నిలుపుకుంటారు. ఏ పొలంలో ఎన్ని రాత్రులు ఉంటుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కాపరి సొంతూరు ఏదని చూడకుండా, మంద ఉన్న మండలంలోని రైతు సేవా కేంద్రమే టీకా వేయించాలి. ఏ టీకా, ఏ తేదీన, ఎన్ని జీవాలకు పడిందో రాసిన కార్డు కాపరి చేతిలో ఉండాలి. అది ఏ జిల్లాలోనైనా చెల్లాలి. పశుసంవర్ధక శాఖ ఈసారి మందలు కదిలేలోపే ఈ కార్డులు ఇచ్చి, ఆయకట్టు మండలాలకు మే నెలకు సరిపడా అదనపు డోసులు కేటాయించాలని కోరుతున్నాం.

– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం